అందరికీ ఎనిమిది, ఆయనకు ఆరు

మంగళవారం. పొద్దున్నే జల్లు పడింది. బట్టలు ఉతికి లోపలే ఆరేసుకున్నాను.

మా ఫిల్మ్ నగర్ ఆఫీసులో షూటింగు టైం ఎవరికి వాళ్లకు ఫోన్లో చెప్పేవాళ్లం. ఎప్పుడూ రెండు గంటలు ఆలస్యంగా వచ్చే ఒక పెద్ద నటుడికి రెండు గంటలు ముందుగా చెప్పడం ఆనవాయితీ. ఈ నెల నుంచి టైంలన్నీ ఆన్‌లైన్ షీటులో నేనే ఎక్కిస్తున్నాను. ఈరోజు దాని లింకు ఆయనకు చేరింది.

"ఏమయ్యా, అందరికీ ఎనిమిది, నాకొక్కడికే ఆరా? రేపు నేను రాను!" అని ఫోన్ పెట్టేశారు.

మేనేజరు నన్ను అనుమానంగా చూశాడు. "లింకు ఎవరు పంపిండ్రన్నా?"

"నేను కాదు."

"సరే, సారుకు ఇంకో షీటు చెయ్. దాంట్ల అందరికి ఆరే పెట్టు. మొదటిది తప్పు పడ్డదని చెప్పు."

అలాగే చేసి పంపాను. వస్తానన్నారు.

మా ఆఫీసు సిబ్బంది టైంల షీటు మాత్రం మేనేజరే పంపుతాడు. నాకొచ్చిన దాంట్లో అందరికీ తొమ్మిదే. తొమ్మిదికి తాళం తీసేది నేను, మిగతావాళ్లు తీరిగ్గా పదిన్నరకు వస్తారు. ఇన్నాళ్లూ వాళ్లది బద్ధకమనుకున్నాను. మీరేమంటారు?