మైకు పెట్టె మీద కాగితం

నిన్న పొద్దున పెడనలో పనిలో ఉన్నాను. చేతుల నిండా రంగు.

ఫోన్ మోగుతూనే ఉంది. మా ఊరి సురేష్.

"మైకు మావయ్య పోయాడురా" అన్నాడు.

ఏ మావయ్య అని మళ్ళీ అడిగాను. తెలిసే అడిగాను.

ఆదివారమే కదా మా ఊరి క్రికెట్ వాట్సాప్ గ్రూప్‌లో ఆయన వాయిస్ మెసేజ్ విన్నాను. గుండెపోటంట. బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందంట.

చేతులు కడుక్కోకుండానే బస్సెక్కాను.

మావయ్య పేరు నాంచారయ్య. మా దివిసీమలో ఎండాకాలం ఎక్కడ క్రికెట్ టోర్నమెంట్ పెట్టినా మైకు ఆయనదే, గొంతూ ఆయనదే. మినుము తీసేసిన చేలల్లోనే మా ఆటలు. వానలు పడి నాట్లు వేస్తే గ్రౌండ్ ఉండదు.

అప్పుడు కూడా మావయ్య ఊరుకోడు. ప్రతి ఆదివారం గ్రూప్‌లో వార్తలు చెప్తాడు. ఎవరు ఏ టీమ్ మారుతున్నారు, ఎవరికి ఎవరితో పడట్లేదు, అన్నీ.

"నమస్కారమండీ. చేలల్లో నీళ్ళు, అటక మీద బ్యాట్లు, కబుర్లు మాత్రం మన దగ్గర. మన కీపర్ చల్లపల్లి వాళ్ళతో మాట్లాడుతున్నాడని పుకారు. ఆ పుకారు పుట్టించింది కూడా వాడే."

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఏదన్నా చదవాలంటే నాకు చాలాసేపు పడుతుంది. అందుకే మావయ్య వాయిస్ మెసేజ్‌లంటే నాకు ప్రాణం. ఒక్కోటి నాలుగు సార్లు వినేవాణ్ణి.

కానీ ఒక తప్పు చేశాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడు వానాకాలం. గ్రూప్‌లో గొడవ నడుస్తోంది. మావయ్య కామెంటరీ బాగుంటుందా, గుడివాడ నుంచి వచ్చే ఆయనది బాగుంటుందా అని. నేను గ్రూప్‌లో ఎప్పుడూ నోరు విప్పను. సురేష్ ఒక్కడికే వాయిస్ పెట్టాను.

"మావయ్య దగ్గర మైకు తీసేసుకోవాలిరా. స్కోరు చెప్పడు. బ్యాటింగ్ చేసేవాడి తాత పేరు చెప్తాడు, వాళ్ళ గేదె ఈనిందని చెప్తాడు. గట్టు మీద కూచున్నోళ్ళకి స్కోరు ఎలా తెలుస్తుంది? గుడివాడ ఆయన ఎంత నీట్‌గా చెప్తాడో చూడు."

అది సురేష్‌కి వెళ్ళలేదు. గ్రూప్‌కి వెళ్ళింది.

చూసుకునేసరికి రెండు నిమిషాలు అయిపోయింది. డిలీట్ కొట్టాను.

ఎవరూ ఏమీ అనలేదు. మావయ్య కూడా అనలేదు. వినలేదులే అనుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలకి పెడనలో బట్టల మీద అద్దకం పనికి చేరాను. అక్కడి టీమ్ వాళ్ళు రమ్మన్నారు. వెళ్ళాను.

గ్రూప్‌లో నన్ను ఉతికేశారు. ఊరికి చెయ్యిచ్చాడు, బంతి పట్టుకోవడం నేర్పించింది మనం కాదా అని. ఫోన్ ఆఫ్ చేసి పెట్టుకున్నాను.

ఆదివారం మావయ్య వార్తలు వచ్చాయి.

"అబ్బాయిలూ, మన ఎడంచేతోడు పెడన టీమ్‌కి వెళ్ళాడు. వాడికి వారంలో ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజూ బస్సుల్లో కూచుంటే బౌలింగ్ ఎప్పుడు వేస్తాడు? మన మీదకి వచ్చినప్పుడు సిక్సర్లు కొట్టండి. ఫోన్లో కొట్టకండి."

అంతే. ఆ తిట్లు అక్కడితో ఆగాయి.

మైకు తీసేసుకోవాలి అన్నవాణ్ణి నేను. నా కోసం మాట్లాడింది ఆయన గొంతే.

మొన్న ఎండాకాలం మా ఊరి మీదే ఆడాను. మా ఊరి కెప్టెన్‌ని బౌల్డ్ చేశాను. గట్టు మీద ఒక్క చప్పట లేదు. మా నాన్న కూడా కొట్టలేదు.

మైకు ఒక్కటే మోగింది.

"క్లీన్ బౌల్డ్! స్కోరు నలభై ఒకటి, మూడు వికెట్లు. బౌలర్ మనోడే, బాధా మనదే!"

ఆ రోజు ప్రతి బంతికీ స్కోరు చెప్పాడు. మావయ్య మారాడే అనుకున్నాను. అంతకు మించి తట్టలేదు నాకు.

ఆట అయ్యాక మైకు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తప్పయిపోయింది అని చెబుదామని. మావయ్య సోడా తాగుతున్నాడు.

"ఏరా, ఏమన్నా చెప్పాలా?" అన్నాడు.

"ఏం లేదు మావయ్యా" అన్నాను.

నవ్వి, సగం సోడా నాకిచ్చాడు.

నిన్న సాయంత్రం దహనం అంతా అయిపోయాక మావయ్య ఇంటి అరుగు మీద వాన జల్లు పడుతోంది. అత్తయ్య "ఆ మైకు పెట్టె తడుస్తోంది, లోపల పెట్టరా" అంది.

ఎత్తాను. పైన ఒక కాగితం అంటించి ఉంది. అంచులు నల్లబడ్డాయి. పాతదే.

ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను.

"ప్రతి బంతికీ స్కోరు చెప్పాలి. ఎడంచేతోడు చెప్పాడు."

అత్తయ్య నా వంకే చూస్తోంది.

"నీ మాటేరా అది. నువ్వు తీసేసేలోపు రెండుసార్లు విన్నాడు. కుర్రాడు నిజమే చెప్పాడే అని, అప్పటికప్పుడు రాసి అంటించాడు."

పెట్టె దించలేకపోయాను. అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఇది మా చెల్లి పక్కన కూచుని తప్పులు దిద్దుతుంటే రాస్తున్నాను. ఇంత పొడుగు నేనెప్పుడూ రాయలేదు.

వచ్చే ఎండాకాలం మైకు ఎవరిది అని గ్రూప్‌లో అప్పుడే మొదలైంది. గుడివాడ ఆయన పేరు కూడా వినిపిస్తోంది. ఎవరొచ్చినా సరే. ఆ పెట్టె మీద కాగితం మాత్రం పీకొద్దు.

మావయ్యా, ఆ రోజు ఏమన్నా చెప్పాలా అని అడిగావు కదా.

ఉంది. తప్పయిపోయింది మావయ్యా.

గొంతు అలిసిపోయి ఉంటుంది. ఇంక హాయిగా పడుకో. స్కోరు మేం చూసుకుంటాం.