సాక్ష్యానికి పెట్టిన చొక్కా

మా అక్కమొగుడు దర్జీ. చిరుగు కనపడకుండా దారం అల్లే రఫూ పనిలో బావకి ఎంత పేరంటే, సిగరెట్టు కాలిన కోటు తెచ్చినవాళ్ళు తిరిగి తీసుకెళ్ళేటప్పుడు బొక్క ఎక్కడుండేదో వెతుక్కునేవారు. మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. అందుకే దొరికాడు. నోరున్నవాడి జోలికి ఎవరు పోతారు?

వీధిలో ఒక దుకాణంలో దొంగతనం జరిగితే, పక్కకొట్టు వాడని బావని స్టేషనుకి లాక్కెళ్ళారు. ఇన్‌స్పెక్టరు బల్లకి కట్టేయించి, అరికాళ్ళ మీద లాఠీతో, వీపు మీద బెల్టుతో కొట్టించాడు. అసలు దొంగ ఇంకోచోట దొరికాక పొమ్మన్నారు. అంతే. మిషను తొక్కి బతికే మనిషి ఆ తర్వాత పెడలు మీద కాలు మోపలేకపోయాడు. వీధి జనం ఊరుకున్నారా? నిప్పు లేనిదే పొగ రాదన్నారు. కుట్టమని ఇచ్చిన బట్టలు కుట్టకముందే పట్టుకుపోయారు.

బావ కోరింది ఒక్కటే. తనని అన్యాయంగా కొట్టారన్న మాట జడ్జి నోటివెంట రావాలి. పోలీసుల మీద కేసనగానే లాయర్లంతా ముఖం చాటేశారు. చివరికి ఒకావిడ ఒప్పుకుంది. ఆస్పత్రి చీటీ లేదు, చూసినవాళ్ళు నోరు విప్పరు. కనీసం ఆ రోజు వేసుకున్న చొక్కా అయినా ఉందా అని అడిగింది లాయరమ్మ.

ఎందుకు లేదూ! అక్క లోపలికెళ్ళి, ఇస్త్రీ మడత నలక్కుండా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. రక్తం మరక ఆరితే పోదని ఆ పూటే నానబెట్టి ఉతికిందట. బెల్టు బకిల్ తగిలి వీపున జానెడు చిరిగితే, బావ మంచంలో పడుకునే, అంచులోంచి దారాలు లాగి అల్లేశాడు. దర్జీ ఇంట్లో చిరిగిన చొక్కా ఉంటే పరువు తక్కువ కదా మరి! లాయరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చిరుగు దొరక్క మళ్ళీ మడతపెట్టింది. తిట్టినా బాగుండేది.

అయినా ఆవిడ వదల్లేదు. అల్లిక ఉందంటే చిరుగు ఉన్నట్టే కదా అని, ఆ చొక్కానే కోర్టులో పెట్టింది. జడ్జి కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. బావ వేలు పెట్టి చూపించినా ఆయనకి ఆనలేదు. పోలీసుల తరఫు లాయరు లేచి, ఒళ్ళు హూనమైనవాడు ఇంత సన్నటి పని చేయగలడా అని నిలదీశాడు.

బావ తలెత్తి, "నేనే చేశానండీ, ఇంకెవరికొస్తుంది?" అన్నాడు.

పిచ్చిమారాజు, ఆ గొంతులో గర్వం! ఆధారాలు చాలవని కేసు కొట్టేశారు.

పైకోర్టుకి వెళ్దామంది లాయరమ్మ. ఆలోచించి చెప్తానన్నాడు బావ. ఆ ఆలోచనలో ఉండగానే ఒక కానిస్టేబులు కొట్టుకొచ్చి ఖాకీ చొక్కా బల్లమీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరుగారిదట, జేబు దగ్గర చిరిగిందట. కోర్టులో బావ పనితనం చూసి సారు ముచ్చటపడ్డారట. వెటకారమైనా కొంత నయం, ఆ ఇన్‌స్పెక్టరు నిజంగానే మెచ్చుకుంటున్నాడు.

కానిస్టేబులు వెళ్ళగానే నేను ఆ చొక్కా వీధిలోకి విసరబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"కాళ్ళు ఎటూ పోయాయిరా. కాదంటే ఈసారి చేతుల మీద కొడతారు."

సూదిలో దారం ఎక్కించుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ జేబు ఎక్కడ చిరిగిందో నేను పోల్చుకోలేకపోయాను. పైకోర్టు మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.