ఎడమ చెయ్యి ఎత్తితే ఆగిన పాట

పోయిన వారం ఒక పెద్దమనిషి కూతురి పెళ్లి ఫొటోల సంగతి మాట్లాడుకోవడానికి అమలాపురంలో మా స్టూడియోకి వచ్చారు. ఆల్బములు తిరగేస్తూ తిరగేస్తూ మధ్యలో తలెత్తి, గోడకేసి కాసేపు చూసి, "అదెవరి పెళ్లండీ? పెళ్లికొడుకెవరో తెలియట్లేదు" అన్నారు. ఆయన తప్పేం లేదు. గోడ నిండా వధూవరులే. వాళ్ల మధ్యలో ఉన్న ఒక ఫొటోలో మాత్రం కొబ్బరిచెట్ల కింద వేదిక మీద ముగ్గురు కుర్రాళ్లు నల్లచొక్కాలతో, ఇద్దరి మెడలో గిటార్లతో, విడిదింటి గుమ్మంలో ఆడపెళ్లివారు నిలబడ్డట్టు చేతులు జోడించి నిలబడి ఉంటారు. వెనక డ్రమ్ముల మధ్య కూర్చున్న అమ్మాయి నమస్కారమైతే పెట్టింది కానీ, చూపుతో నన్ను నమిలేస్తూ ఉంటుంది. "పెళ్లి కాదండీ, నేను చేసిన తప్పు" అన్నాను. ఆయన "ఆయ్, అలాగాండీ" అని మర్యాదకి తలూపి మళ్లీ ఆల్బములో పడ్డారు. నేను మాత్రం ఆ రోజంతా ఆ ఫొటోలోంచి బయటికి రాలేకపోయాను.

నలభై ఏళ్లుగా నా పని పెళ్లిళ్లు. పెళ్లికి ముహూర్తం పెట్టేది పురోహితుడే అయినా దాన్ని నడిపేది ఫొటోగ్రాఫరేనని మా వృత్తిలో అందరికీ ఒక గట్టి నమ్మకం. రీలు రోజుల్లో పుట్టిన అలవాటది. ఒక్క ఫొటో పాడైతే మళ్లీ ఆ పెళ్లి జరగదు కదా, అందుకని కీలకమైన ఘట్టం వచ్చినప్పుడల్లా అందర్నీ ఆపేవాళ్లం. మేళతాళాల హోరులో మాట వినపడదు. కుడిచెయ్యి కెమెరా మీద ఉంటుంది, ఎడమ చెయ్యి పైకెత్తుతాను. అంతే. తాళి కట్టేవాడు రెండో ముడి దగ్గర ఆగి నావంక చూస్తాడు. పెళ్లికూతురు తలంబ్రాలు దోసిట్లో పట్టుకుని నేను సరే అనేదాకా పొయ్యదు. ఒకసారి ఒక పురోహితుడుగారు మంత్రం సగంలో ఉండగా చెయ్యెత్తాను. పాపం ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, ఫ్లాషు వెలిగాక మిగతా సగం పూర్తిచేశారు. ఫొటో అయ్యాక "ఊఁ, ఇక కానివ్వండి" అంటాను, పెళ్లి మళ్లీ కదులుతుంది. యముడొచ్చినా మీరు చెయ్యెత్తి ఆపి మొహం ఇటు తిప్పమంటారని మా ఆవిడ అంటూ ఉంటుంది.

ఆ ఫొటోలో నన్ను నమిలేస్తున్న అమ్మాయి మా మేనకోడలు, మా అక్క కూతురు. కొత్తపేటలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. కాలేజీ రోజుల్లో ఎక్కడ పట్టుకుందో ఈ డ్రమ్ముల పిచ్చి పట్టుకుంది. మా బావగారిది వేదం చదువుకున్న ఇల్లు. ఆయన తండ్రిగారు ఘనపాఠి. వేదంలో ఒక్కొక్క మాటనీ ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చెప్పే ఘనం అనే పద్ధతిలో ఆయన్ని మించినవారు చుట్టుపక్కల లేరనేవారు. బావగారు ఊళ్లో గుడి సేవ చేసుకుంటారు. అలాంటి ఇంట్లో డ్రమ్ములు ఎక్కడ పెడుతుంది? అందుకని పిల్ల తన గదిలో తలుపేసుకుని బూరుగుదూది దిండు మీద పుల్లలతో సాధన చేసేది. అసలు డ్రమ్ములు తన బృందంలో గిటారు వాయించే ఒక కుర్రాడి ఇంట్లో ఉండేవి, ఆదివారాలు అక్కడికి వెళ్లేది. నాలుగేళ్లలో మూడు దిండ్లు పోయాయి.

రెండేళ్ల కిందట వాళ్ల బృందానికి విశాఖపట్నంలో పెద్ద వేదిక మీద వాయించమని పిలుపొచ్చింది. అంతకు పదిహేను రోజుల ముందు ఓడలరేవులో ఒక రాక్ సంగీతోత్సవం ఉంది, అందులో వాళ్లదీ ఒక పాటల వరస ఉంది. అప్పుడు పిల్ల తండ్రి దగ్గర కూర్చుని ఉన్న సంగతంతా చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని అక్క తర్వాత నాతో అంది. ఆయన నాకు కబురు పెట్టి పిలిపించుకున్నారు. "ఏమోయ్, ఆ రోజు సాయంత్రం గుడి తలుపు తియ్యాలి, నేను రాలేను. నువ్వు వెళ్లి ఫొటో తీసుకురా. చూసి, విశాఖపట్నం సంగతి చెబుతాను" అన్నారు. వీడియో తెస్తాను బావగారూ అన్నాను. "వద్దు. ఆ సంగీతం మంచిదో చెడ్డదో నాకు తెలీదు. తెలీనిదాని మీద తీర్పు చెప్పకూడదు. పిల్ల మొహం నాకు తెలుసు. అది చాలు" అన్నారు. పిల్ల నన్ను వీధి గుమ్మం దాకా సాగనంపి, "నాన్న సరే అనకపోతే వెళ్లను మావయ్యా. భయం కాదు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని ఉంటే నా చేతులు ఆడవు" అంది. వాళ్ల నాన్న మాటకీ ఈ మాటకీ మధ్య నా కెమెరా ఇరుక్కుంది. నేనైతే ఆ మాటలకి నాకు తోచిన అర్థం తీశాను. మంచి మర్యాదైన ఫొటో కావాలి, పిల్ల పద్ధతిగా కనపడాలి, అదొక్కటీ తెస్తే పని జరిగినట్టే అనుకున్నాను.

ఉత్సవం సముద్రం దగ్గర ఒక కొబ్బరితోటలో. ఆ తోట రైతు పెట్టిన షరతు ఒక్కటే. జనం వచ్చేముందు చెట్లన్నిటికీ కాయల దింపు అయిపోవాలి. పాటలు వింటున్నవాడి నెత్తిన కాయ పడితే జవాబు చెప్పుకోవలసింది తనేనని ఆయన బెంగ. అందుకని కిందటి దింపు అయి నెల తిరక్కుండానే మళ్లీ దింపువాళ్లని పెట్టి కాయలూ ఎండుమట్టలూ అన్నీ దింపించేశారు. బోడి చెట్ల కింద జెనరేటరు ఒకపక్కన బుర్రుమంటూంటే, రైతుగారు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రెండు చెవుల్లో దూది పెట్టుకుని, మధ్యమధ్య పైకి చూస్తూ కూర్చున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన పేరున్నవాళ్లకి సాయంత్రాలు ఇచ్చి, మనవాళ్లకి మధ్యాహ్నం మూడింటి ఎండ ఇచ్చారు. ఉప్పుగాలికి లెన్సు తుడిచినకొద్దీ మసకబారుతోంది. నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వెళ్లాను. ఆ రెండు మూడొందల మంది నల్లచొక్కాల మధ్య నేనొక్కణ్ణే మగపెళ్లివారి తరఫున వచ్చినట్టున్నాను.

మొదటి రెండు పాటల్లో నాకు ఒక్క ఫొటో కుదరలేదు. ఎవరూ కుదురుగా ఉండరే! పాడేవాడు మైకు పట్టుకుని వంగిపోతాడు, గిటార్లవాళ్లు జుట్టు విదిలిస్తారు, పిల్ల చేతులైతే ఎక్కడున్నాయో కంటికి ఆనవు. తీసిన ప్రతి దాంట్లో పిల్ల కళ్లు మూసుకుని నోరు తెరుచుకుని ఉంది. ఇవేనా బావగారికి చూపించడం? మూడో పాట మంచి ఊపు మీద ఉంది. జనం చప్పట్లు కొడుతున్నారు. ఇంక ఆ ఒక్క పాటే ఉందని నాకు కంగారు పట్టుకుంది. వేదిక ముందుకి వెళ్లి, కుడిచెయ్యి కెమెరా మీద పెట్టి, ఎడమ చెయ్యి పైకెత్తాను.

పాట ఆగిపోయింది. ఎందుకు ఆగదు? పాడేవాడి పెళ్లి అంతకు నెల ముందే తీశాను. గిటారు కుర్రాళ్ల అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లన్నీ నావే. నా ఎడమ చెయ్యి లేస్తే ఆగాలని వాళ్లకి చిన్నప్పటినుంచీ తెలుసు. పాడేవాడు చొక్కా సర్దుకుని చేతులు జోడించాడు. మిగతా ఇద్దరూ జోడించారు. అందరూ ఆగాక ఇంకేం చెయ్యాలో తెలియక పిల్ల కూడా జోడించింది. తోటంతా నిశ్శబ్దం. జెనరేటరూ, దూరంగా సముద్రమూ వినిపిస్తున్నాయి. నేను నిదానంగా ఒకటికి రెండు ఫొటోలు తీసుకుని, అలవాటు ప్రకారం, "ఊఁ, ఇక కానివ్వండి" అన్నాను.

ఒక్కసారిగా జనం గొల్లున నవ్వారు. రైతుగారు చెవుల్లో దూది తీసి, "అయిపోయిందాండీ?" అని పక్కవాణ్ణి అడిగారు. అప్పుడు చూశాను పిల్ల మొహం. నాలుగేళ్లు దిండు మీద వాయించుకుని, మొదటిసారి పదిమంది ముందుకి వస్తే, పాటని నడి మధ్యలో సొంత మేనమామే నరికేశాడు.  ఆ వయసులో అంత సిగ్గు పడతానని అనుకోలేదు.

పిల్ల నావంక చూడ్డం మానేసింది. పుల్ల మీద పుల్ల నాలుగుసార్లు టకటకా కొట్టింది. ఆ నాలుగు దెబ్బలకీ కుర్రాళ్లు నిద్రలేచినట్టు లేచారు. పాట మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నారు. ఈసారి జనం నవ్వుతూనే చప్పట్లు అందుకున్నారు, చివరికి నవ్వు మర్చిపోయి చప్పట్లే మిగిలాయి. నేను ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఇటు చూడమని ఎవర్నీ అడగలేదు. పిల్ల చెయ్యి పైనుంచి దిగుతూండగా ఒక్క ఫొటో తీసి, కెమెరా సంచిలో పెట్టేసి, మిగతాది విన్నాను. సంగీతం నాకూ తెలియదు కానీ, గుండెల మీద కొట్టినట్టే ఉంది, బాగుంది.

తర్వాత చెట్టుకింద ఇద్దరం బొండాలు తాగాం. పిల్ల తన బొండాం ఖాళీ చేసి, "తాళి ఎవరికి కట్టించావు మావయ్యా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. "తప్పయిపోయిందే" అన్నాను. "సర్లే, ఇంతకీ నాన్నకి ఏది చూపిస్తావు?" అంది. రెండూ చూపిస్తానన్నాను. ఆ మాట ధైర్యంగా అన్నానని చెప్పలేను.

మర్నాడు పొద్దున్న బావగారు గుడినుంచి వచ్చాక రెండు ఫొటోలూ చేతిలో పెట్టాను. పిల్ల అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చుంది, ఒక్క పేపరూ తిరగలేదు. బావగారు నమస్కారాల ఫొటో చూసి పక్కన పెట్టేశారు. "ఇది నీ ఫొటో. నువ్వు ఆగమన్నావు, ఆగేరు" అన్నారు. రెండోది తీసుకున్నారు. కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని, జుట్టు మొహాన పడి, చెయ్యి ఉన్నచోట పొగలా చెరిగిపోయి, ఏ పెళ్లి ఆల్బములోనైనా నేను చించి పారేసే ఫొటో. ఆయన కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మా నాన్నగారు ఘనం చెబుతూంటే ఇలాగే ఉండేవారోయ్. ఇదే మొహం. ఎదురుగా ఎవరు కూర్చున్నారో కూడా తెలిసేది కాదు" అన్నారు.  తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్, దానికి దుప్పటొకటి సర్దు. విశాఖపట్నంలో అన్నీ ఏసీ గదులుట" అని, కాస్త ఆగి, "ఆ దిండు కూడా ఇంక తల పెట్టుకోడానికి ఉంచమను. నాలుగేళ్లుగా పక్కగదిలో దూది దంచుతూంటే నాకు వినపడదనుకుంది కాబోలు" అన్నారు. అరుగు మీద పేపర్లు ఒక్కసారిగా కిందపడ్డ చప్పుడైంది.

పిల్ల విశాఖపట్నం వెళ్లింది, ఆ తర్వాత ఇంకా చాలాచోట్లకి వెళ్లింది. నేను బుద్ధి రావడానికి నమస్కారాల ఫొటో స్టూడియోలో పెట్టుకున్నాను. రెండోదాన్ని బావగారు చట్రం కట్టించి, హాల్లో వాళ్ల నాన్నగారి ఫొటో పక్కన తగిలించారు. వెళ్లినప్పుడల్లా నేను ఆ రెంటి ఎదురుగానే కూర్చుంటాను, కడుపు నిండినట్టుంటుంది. పెద్దాయన ఫొటోలో శాలువా సర్దుకుని, నోరు మూసుకుని, ఎంతో మర్యాదగా కెమెరాకేసి చూస్తూ ఉంటారు. అదీ నేను తీసిందే, కొత్తగా కెమెరా కొన్న రోజుల్లో. ఆయన అరుగు మీద ఘనం చెప్పుకుంటూ ఉంటే వెళ్లి ఎదురుగా నిలబడి చెయ్యెత్తాను. పాపం ఆగారు. ఆ ఒక్క క్షణం ఆయన్ని ఆగమనకుండా ఉంటే, ఇన్నేళ్ల తర్వాత తాతా మనవరాలూ ఒకే మొహంతో ఆ గోడ మీద పక్కపక్కన ఉండేవారు.