నూలుపోగుతో కొలిచిన కారు

పోయిన బుధవారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలు. వనపర్తిలో ఒక కార్ల షెడ్డు. అక్కడి గోడ గడియారం నేనే చదివాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, అంకె కనబడితే వదలను.

నా భార్యకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు గద్వాల నుంచి వనపర్తి దవాఖానకు తెచ్చి డయాలసిస్ చేయించాలి. మానితే బతకదు. మోకాళ్లు సరిగా వంగవు. మా కొడుకుకున్న చిన్న కారు ఎక్కేటప్పుడల్లా ఆమె మూలిగేది. కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు దొరుకుతాయని వాడు మాటవరసకు అన్నాడు. ఆ మాట పట్టుకున్నది నేను.

ఆమెను మిషన్ దగ్గర పడుకోబెట్టి మేమిద్దరం షెడ్డుకు వచ్చాం. నా జేబులో ముడివేసిన నూలుపోగు ఉంది. మాది గుంట మగ్గం. కాళ్లు గుంటలోకి వేలాడేసి అంచున చెక్క పలక మీద కూర్చుంటాం. నలభై ఏళ్లు ఆమె నా పక్క మగ్గంలోనే నేసింది. ఆమె పలక నేలకు ఎంత ఎత్తో పోగుతో కొలిచి తెచ్చాను. కారు సీటుకు ఆనిస్తే ముడి ఎక్కడో కింద ఉండిపోయింది.

మెకానిక్ రెండు జతలు చూపించాడు. ఒకటి అంగుళం దించుతుంది, ఇంకొకటి రెండంగుళాలు.

"ముసలామె కోసమా? వద్దు పెద్దాయనా. కూసునుడు అల్కగుంటది, లేసుడే కష్టం. గీ సోకులు పోరగాళ్లకు."

"నాయినా, ఆయన చెప్పేది జర ఇను," అన్నాడు కొడుకు.

"నలభై ఏండ్లు గంతకంటే కింద కూసుని లేసిందిరా. నాకు చెప్తవేంది?"

మెకానిక్ నవ్వాడు. "గట్లయితే మగ్గానికే చక్రాలు పెడ్త, తోలుకపో."

రెండంగుళాలవే వేయించాను.

మధ్యాహ్నం దవాఖాన ముందర ఆమె మూలగకుండా కారులో కూర్చుంది. "అల్కగనే ఉందయ్యా," అంది. నేను కొడుకు వైపు చూసి మీసం దువ్వాను.

నాలుగింటికి మా వీధిలో కారు ఆగింది. ఆమె లేవలేకపోయింది. రెండు చేతులూ పక్కలకు చాపి దేనికోసమో తడుముకుంది. అప్పుడు తెలిసింది నాకు. మగ్గంలోంచి లేచేటప్పుడు గుంట అంచుల మీద అరచేతులు ఆనించి లేచేది. నలభై ఏళ్లు పక్కనే చూశాను. కొలిచింది మాత్రం పలకను.

కొడుకూ పక్కింటాయనా చంకల కింద చేతులు వేసి లాగారు. "నిమ్మలం, వదినా, నిమ్మలం," అంటున్నాడాయన. కొంగు జారిపోయింది. ఎదురింటి కోడలు ఉరికొచ్చి కప్పింది. ఆమె ఎవరి మొహమూ చూడలేదు. గడప దాటాక నాతో ఒకటే మాట.

"బస్త లెక్క దించిండ్రు. ఇగ నేను యాడికీ రాను."

మర్నాడే కొడుకు పాత స్ప్రింగులు వేయించాడు. "అమ్మా, ఎప్పటి లెక్కనే చేయించిన, ఒక్కపారి సూడు," అని బతిమాలాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. శనివారం వంతు పోయింది. ఇవాళ మళ్లీ బుధవారం, తొమ్మిదయింది. కారు వాకిట్లోనే ఉంది. ఆమె పాదాలు వాచాయి, వేలితో నొక్కితే నొక్కినచోట సొట్ట అలాగే ఉంటోంది. నేను పిలిస్తే పలకదు.

ఆమెను అలా దించిన రోజు మా వీధిలో ఉన్నవాళ్లు: నా కొడుకు, పక్కింటాయన, ఎదురింటి కోడలు, అరుగు మీద నూలు కండెలు చుడుతున్న ఇద్దరు ముసలమ్మలు, కారులో నా భార్య, జేబులో పోగుతో నేను.