మైకుదే తప్పనుకున్నారు

నాకు నత్తి ఉంది. ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. ఇప్పుడు ఇంత తేలిగ్గా చెప్తున్నాను గానీ, అరవైల మొదట్లో ఈ ముక్క ఎవడైనా నా ముందు అంటే వాడి మీదికి పోయేవాణ్ణి. తిట్టబోతే ఆ తిట్టు కూడా సగంలో ఇరుక్కునేది. వాడు నవ్వేవాడు. ఇంకేం కొట్లాట, నా బొంద!

మాది వరంగల్ బజారులో బట్టల దుకాణం. అదంతా నోటి వ్యాపారం. మరిపెడ నుంచో స్టేషన్ ఘన్‌పూర్ నుంచో పెళ్ళి బట్టలకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "అక్కా, గీ అంచు జర పట్టి చూడు" అని మాటల్లో దింపాలి. నేను "అ... అ..." అంటుండగానే మా నాయన అందుకునేవాడు. "మావోడు చెప్పేది ఏందంటే" అని మొదలుపెట్టి, నేను చెప్పాలనుకోనిది కూడా చెప్పేసేవాడు. ప్రేమతోనే లెండి. అమ్మా అంతే. అన్నం దగ్గర నేను పప్పు అనబోయేలోపు పచ్చడి వడ్డించేది. మీసాలొచ్చి, పెళ్ళి సంబంధాలు వస్తున్నా, ఇంట్లో నా నోటితో నేను ఒక్క మాట చివరిదాకా చెప్పుకున్న గుర్తు లేదు.

అలాంటివాణ్ణి హామ్ రేడియో పట్టుకుంది. పరీక్ష రాసి సర్కారు లైసెన్సు తెచ్చుకుంటే, ఇంట్లోనే సొంత సెట్టు పెట్టుకుని, ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఉన్న సెట్ల వాళ్ళతో కబుర్లు చెప్పుకోవచ్చు. అప్పుడు నా కబుర్లన్నీ మోర్స్‌లోనే. ఒక కీ నొక్కుతూ, చుక్కలుగా గీతలుగా అక్షరాలు పంపడమన్నమాట. వేలికి నత్తి ఉండదు కదా! హైదరాబాదులో మిలిటరీ పాత సామాను అమ్మే చోట విడిభాగాలు ఏరుకొచ్చి సెట్టు కట్టాను. మేడ మీద గదిలో పెట్టి, ఏరియల్ తీగను పక్కింటి పెంకుల దాకా లాగాను. దాని మీద చీర ఆరేయబోయిందని అమ్మతో పెద్ద రభస. కరెంటు కొడుతుందని చెప్పడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలియాలి.

ఆదివారం పొద్దున మాకొక నెట్ ఉండేది. అంటే, ఒక వేళకు అందరం ఒకే చోట ట్యూన్ చేసుకుని కలవడం. ఒకడు కంట్రోలు. వాడు హాజరు పిలుస్తాడు, పిలిచినవాడే పలుకుతాడు, మిగతావాళ్ళు వింటారు. కంట్రోలు పని వారానికొకరికి వంతు. బెజవాడ ప్లీడరుగారు మొదలుపెట్టిన నెట్ అది. రాజమండ్రి డాక్టరుగారు, ఇంకా కొందరు. వాళ్ళెవరి మొహమూ నేను చూడలేదు, వాళ్ళూ నన్ను చూడలేదు. నా మోర్స్ ముత్యాల్లా ఉంటుందని ప్లీడరుగారు అన్న రోజున నేను నేల మీద నడవలేదు. బజారులో నత్తోణ్ణి, నెట్‌లో నేను ఒక మనిషిని.

ఆ తర్వాత మెల్లగా అందరి దగ్గరికీ మైకులు వచ్చాయి. నెట్‌ను మాటల్లోకి మారుద్దామన్నారు. అందరూ ఓహో అన్నారు. నేను తప్ప.

కొన్ని వారాలు మైకు లేదని నెట్టుకొచ్చాను. ఇక తప్పక ఒక పాత కార్బన్ మైకు కొన్నాను. మా కాల్ సైన్లు, అంటే మాకు సర్కారు ఇచ్చిన గుర్తులు, అన్నీ 'వి' అనే మొదలవుతాయి. నాకు ఆ 'వి' దగ్గరే బండి ఆగింది. "వి... వి... వి..." తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ "వి... వి...". మాట్లాడినంతసేపూ నొక్కి పట్టుకోవాల్సిన మైకు స్విచ్చి వదిలేసి చెమట తుడుచుకున్నాను. అయిపోయింది, తెలిసిపోయింది అనుకున్నాను.

స్పీకర్లో డాక్టరుగారి గొంతు వచ్చింది. "వరంగల్, మీ మైకు తెగి తెగి వస్తోందండీ. లోపల బొగ్గుపొడి గడ్డకట్టుంటుంది. ఓసారి తట్టి చూడండి."

నేను నోరెళ్ళబెట్టాను. తర్వాత పడీపడీ నవ్వాను, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నోటికి నత్తి ఉండొచ్చన్న ఆలోచన ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికైనా వస్తేగా! ఏం తెగినా తీగే, ఏం ఆగినా సెట్టులోని వాల్వే. కీ మీద "సరే, తడతాను" అని పంపాను.

మరుసటి వారం తీగ మార్చమన్నారు. ఆ పై వారం స్విచ్చిలో మసి తుడవమన్నారు. ఇంకొకాయన కరెంటు సరిగా లేదేమో, మీ ఊళ్ళో మిల్లులు ఆపించండి అన్నాడు. నేనెవణ్ణి స్వామీ మిల్లులు ఆపించడానికి! అన్నిటికీ కీ మీదే "చేశాను, లాభం లేదు" అని జవాబిచ్చేవాణ్ణి. కానీ నా కంట్రోలు వంతు దగ్గరికి వస్తోంది. హాజరంతా నోటితోనే పిలవాలి. ఆ ఒక్క రోజుతో నా సంగతి బయటపడుతుంది, నేను మనిషిననిపించుకున్న ఆ ఒక్క చోటూ పోతుంది. ముందే సెట్టు పాడైందని చెప్పి మానేద్దామనుకున్నాను. ఆ మాట కీ మీద పంపబోతుంటే ప్లీడరుగారే అందుకున్నారు. "మీరు కంగారు పడకండి. శనివారం నేనే వచ్చి బాగుచేసి పెడతాను."

కంగారు పడకండట!

శనివారం పొద్దున బండి దిగి ఆయన దుకాణానికే వచ్చారు. లావుపాటి మనిషి, చేతిలో తోలు పెట్టె, అందులో సోల్డరింగ్ ఐరన్, కొత్త తీగ, రెండు వాల్వులు. మా నాయన ఎదురెళ్ళి, "రండి సార్, మావోడు మీ ముచ్చట్లు మస్తు చెప్తాడు" అన్నాడు. నేను ఏనాడూ ఒక్క ముక్క చెప్పలేదు. దండం పెట్టి నోరు మూసుకున్నాను. ఇంతలో గిరాకీ వచ్చి నాయన అక్కడే ఆగిపోయాడు. మేమిద్దరం మేడ ఎక్కాం. ప్లీడరు కదా, మాట్లాడ్డం ఆయనకు అలవాటు. తలూపడం నాకు అలవాటు. చాలాసేపు మా ఇద్దరికీ బాగానే గడిచింది.

మైకు విప్పారు, తుడిచారు, బిగించారు. తానే మాట్లాడి చూశారు. మాట వెళ్తుంటే ఊగే ముల్లు ఒకటి ఉంటుంది సెట్టు మీద. అది చక్కగా ఊగింది. "ఇప్పుడు మీరు మాట్లాడండి" అన్నారు.

స్విచ్చి నొక్కాను. "వి... వి..." అంతే, దవడ బిగుసుకుపోయింది. ముల్లు చచ్చినట్టు పడి ఉంది. ఆయన నా మొహం చూడలేదు. ముల్లునే చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపో! చివరికి మాట వచ్చింది, ముల్లు లేచింది.

"సెట్టు బాగానే ఉందండి" అన్నారు ఆయన, పెట్టె సర్దుతూ.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. "తె... తెలిసింది కద సార్. ఇగ నేను రా... రాను. రేపు మీరే చూసుకోండి" అన్నాను.

"నేనెందుకు చూసుకుంటానండీ? వంతు మీదైతే?"

"అందరు న... నవ్వుతరు."

"స్విచ్చి మీ చేతిలో ఉండగా వాళ్ళ నవ్వు మీకెలా వినపడుద్దండీ?" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోయి. "మీరు నొక్కినంతసేపూ మీ రిసీవరు మూగదే కదా! మీరు వదిలేదాకా వాళ్ళు నోరు తెరవకూడదు. తెరిస్తే తప్పు వాళ్ళది. అది నెట్టండీ, సంత కాదు."

అమ్మ పెట్టిన అన్నం తిని, వంకాయ కూర బాగుందని రెండుసార్లు పొగిడి, సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. నా నత్తి గురించి ఇంకొక్క మాట అనలేదు.

ఆదివారం వచ్చింది. కంట్రోలు కుర్చీలో నేను. ఇంతసేపు ఏం చేస్తున్నాడో చూద్దామని నాయన కూడా మేడ ఎక్కి గుమ్మంలో నిలబడ్డాడు. అసలే వణుకుతుంటే ఈయనొకడు! స్విచ్చి నొక్కాను. 'వి' దగ్గర ఆగిపోయాను. గుమ్మంలో నాయన పెదాలు కదులుతున్నాయి, నాకు అందించడానికి. కానీ ఏం అందిస్తాడు పాపం, నా కాల్ సైన్ ఆయనకు తెలియదు. నేను ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాను. మాట వచ్చింది. మొత్తం చెప్పి, హాజరులో మొదట డాక్టరుగారిని పిలిచి, స్విచ్చి వదిలాను.

కాసేపు ఉత్త గరగర. తర్వాత డాక్టరుగారు. "వరంగల్, ఇంకా తెగుతూనే ఉందండీ. మైకు తట్టారా?"

ప్లీడరుగారు ఎవరికీ చెప్పలేదన్నమాట! నాకెక్కడి ధైర్యం వచ్చిందో, నొక్కాను. "మైకు మంచిగనే ఉన్నది డాక్టర్‌గారూ. నా... నాకు న... న... నత్తి." వదిలేశాను.

"అలాగా!" అన్నారు డాక్టరుగారు. "మరి ముందే చెప్పరేమండీ, ఇన్నాళ్ళూ ఆ మైకును తిట్టిపోశాం కదా! రోజర్, అందింది. తర్వాతి స్టేషన్ని పిలవండి, ఇక్కడ నా కాఫీ చల్లారిపోతోంది."

అంతే. ఇన్నేళ్ళు నేను భయపడి చచ్చింది దీనికా! పిలిచాను. పలికారు. మళ్ళీ ఆగాను, వాళ్ళూ ఆగారు. ఎవరూ ముందుకు తోయలేదు, ఎవరూ జాలిపడలేదు. చివరి స్టేషన్ దాకా పిలిచి నెట్ మూసేసరికి చొక్కా తడిసి ముద్దయింది. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయి, కుర్చీలో అలా వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను.

నాయన లోపలికి వచ్చాడు. సెట్టు వైపూ నా వైపూ చూశాడు.

"నువ్వు ఆగితే వాళ్ళేం చేస్తాన్రు బిడ్డా?"

"ఆ... ఆగుతాన్రు."

"గింతసేపా?"

"గింతసేపే."

ఆయన గోడవారన ఉన్న ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు. కింద దుకాణంలోంచి ఎవరో పిలిచారు, పలకలేదు.

"మీ అమ్మ అడుగుతాంది" అన్నాడు. "మాపటికి ఏం తింటవ్?"

"స..." అన్నాను. ఆయన పెదాలు కదలబోయి ఆగాయి. చేతులు రెండూ మోకాళ్ళ మీద గట్టిగా పెట్టుకున్నాడు. నేను సర్వపిండి అనేదాకా నాయన అలాగే కూర్చున్నాడు.