సొరచేపలకు మేత

మారుహి ఒంటికి కుళ్లుచేప వాసన పట్టి ఏడాది దాటింది. నిమ్మచెక్కలతో రుద్దుకుంది, కొబ్బరిపాలతో తలంటుకుంది, ఇసకతో గోళ్లు తోముకుంది. అయినా ముద్ద నోటిదాకా వచ్చేసరికి కడుపులో దేవేది. పసిఫిక్ సముద్రంలోని పామోటు దీవుల్లో పుట్టి చేప తినలేని మనిషి ఈవిడొక్కతేనని ఊళ్లో నవ్వుకునేవారు.

ఆమె తల్లి ఊపిరి బిగబట్టి ముత్యపుచిప్పల కోసం సముద్రంలో మునిగిన మనిషి. మారుహి వీపున గాలి సిలిండరు కట్టుకుని పర్యాటకులను దించేది. పోటు మొదలై, బయటి సముద్రం పాయగుండా దీవి నడుమనున్న మడుగులోకి తోసుకొచ్చే వేళ వాళ్లను నీటి అడుగున రాతిగట్టు పట్టుకుని కూర్చోమనేది. తలల మీదుగా బూడిదరంగు సొరలు ప్రవాహానికి ఎదురీదుతూ మందలుగా సాగిపోయేవి. ఆ సొరలు తమ వంశం పెద్దలని తల్లివైపు వాళ్లు చెప్పుకునేవారు. మారుహి నమ్మిందీ లేదు, కాదన్నదీ లేదు. వాటి మీదికి మాత్రం ఎన్నడూ చెయ్యి చాచలేదు.

పడవలు అక్క మొగుడు తెమౌరివి. ఒక సీజనులో అతనికో ఆలోచన వచ్చింది.

"రెండ్రోజులు విమానాలెక్కి వచ్చినోళ్లు మారుహీ! సొరలు అల్లంత దూరాన పోతే ఊరుకుంటారా? నాలుగు ట్యూనా చేప తలకాయలు పట్టుకెళ్తే నీ సొమ్మేం పోయింది?"

"సొరలకి మేతేంటి బావా, పెరట్లో కోళ్లా అవి?"

"కోళ్లు గుడ్లే పెడతాయి. ఇవి గిరాకీని పెడతాయే పిచ్చిదానా!"

అక్క మొహం చూసి ఒప్పుకుంది. మర్నాడు తెమౌరి పంపిన పీపా మూత తీస్తే ఎండలో మాగిన తలకాయలు, పేగులు, వాటిలో లుకలుకమనే పురుగులు. అదంతా ఇనపబుట్టలో కుక్కి నీళ్లలోకి తీసుకెళ్లాలి. జిడ్డు నీళ్లలో తెట్టెలుగా తేలేది, ముక్కలు జుట్టులో చిక్కుకునేవి. నెల తిరిగేసరికి పడవ మోటారు చప్పుడైతే చాలు, సొరలు కబేళా వెనక కుక్కల్లా కుమ్ముకుంటూ వచ్చేవి.

వాటిలో రెక్క కొస తెగిన ఆడ సొర ఒకటుండేది. మారుహి దాన్ని పదేళ్లుగా ఎరుగును. మేత మొదలెట్టాక కూడా చాన్నాళ్లు అది దూరంగానే ఉండిపోయింది. ఒక రోజు మాత్రం వచ్చింది.

అప్పటికే పర్యాటకుల్లో ఒకామె కడుపు తిప్పి గాలిగొట్టంలోంచే వాంతి చేసుకుంది. చిన్నచేపలు గుంపుగా వచ్చి దాన్ని తింటుంటే మిగతావాళ్లు కెమెరాలు అటు తిప్పారు. మారుహి ఆమెను పట్టుకుని నిదానంగా ఊపిరి పీల్చమని సైగ చేస్తోంది. అంతలో ఆ సొర ఇనపబుట్టలోకి తల దూర్చి ఇరుక్కుపోయింది. ముందుకు ఈదలేక గింజుకుంటోంది. ఒక బలిసిన మనిషి వెనకనుంచి వెళ్లి దాని తోక పట్టుకుని, రెండో చేతి బొటనవేలు పైకెత్తి ఫొటోకు నిలబడ్డాడు.

మారుహి ఆ చేతిని విదిలించి కొట్టింది. బుట్టను కాలితో అదిమి రెండు చేతులా లాగింది. బుట్ట తీగ కోసుకుని సొర మొప్ప దగ్గర చీలింది, రక్తం పొగలా లేచింది. సొర బయటపడి లోతు చీకట్లోకి జారుకుంది. రక్తానికి మిగతావి ఎగబడుతుంటే ఆమె అందరినీ గట్టువెంబడి పైకి తోలుకొచ్చింది.

పడవెక్కాక ఆ బలిసిన మనిషి పళ్లికిలించాడు. "మళ్లీ దిగుదామా? ఫొటో సరిగ్గా రాలేదు."

ఆమె లంగరు పైకి లాగింది.

రేవులో దిగుతూనే పీపా ఎత్తుకుని తెమౌరి ఇంటికి నడిచింది. అతను వరండాలో కొబ్బరిపాలల్లో నానేసిన పచ్చిచేప తింటున్నాడు. పీపా పక్కన పెట్టి మూత తీసింది.

"చెయ్యి పెట్టు బావా."

"ఏంటే, కూటి ముందు ఈ కంపు! మతిపోయిందా?"

"నేను కూడు తినేది ఈ చేత్తోనే. ఒక్కసారి పెట్టి చూడు."

తెమౌరి ముక్కు మూసుకుని లేవబోయాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న అక్క చరచరా వచ్చి మొగుడి మణికట్టు పట్టి మోచేతిదాకా పీపాలో ముంచేసింది. "నా చెల్లెలి చెయ్యికన్నా నీ చెయ్యి గొప్పదా?" అంది. అతను వరండా అంచుకు పరుగెత్తి తిన్నదంతా కక్కాడు.

అయినా మేత ఆగలేదు. వారం తిరక్కుండానే తెమౌరి పక్కదీవి నుంచి వేరే మనిషిని తెచ్చుకున్నాడు.

మారుహి తన పాత పడవ తీసి మడుగుకు ఆ చివరనున్న గట్టుకు వెళ్లడం మొదలెట్టింది. మోటారు విని సొరలు అక్కడికీ వచ్చాయి. ఖాళీ అరచేతుల్లో మూతులు పెట్టి వెతికాయి. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. వాటికి ఆ ఆశ నేర్పింది తన చేతులే. ఆ రోజే మోటారు ఊడదీసి అమ్మేసి, తెడ్లు పట్టింది. వచ్చేవాళ్లను కూడా తెడ్డు వెయ్యమనేది. చాలామంది వెనక్కి పోయారు. కొద్దిమందే మిగిలారు. వానాకాలం గడిచాక సొరలు మళ్లీ ఎడంగా తిరగసాగాయి. రెక్క తెగినది మాత్రం కనిపించలేదు.

ఈమధ్య పడవ సగం దారిలో ఉండగా ఒక పర్యాటకుడు సంచిలోంచి పొట్లం తీశాడు. "సొరలు దగ్గరికొస్తాయని చేపముక్కలు తెచ్చాను."

మారుహి తెడ్డు ఆపింది. పొట్లం వంక చూసి, నీళ్లలోకి ఉమ్మేసి, పడవను ఒడ్డుకు తిప్పింది.