ఆముదపు ఆకు మీద మడమ

ఆ రోజుల్లో సూర్యాపేటలో కుస్తీ నేర్పే తాలింఖానాలో ఒక్క దమ్ములో వెయ్యి బస్కీలు తీసేవాణ్ణి. లెక్కపెట్టలేక వస్తాదు అలసిపోయి కునుకు తీసేవాడు. ఈ మాట మనవళ్లకు చెప్పి చెప్పి చివరికి నేనే నమ్మేదాకా వచ్చాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం తగ్గిస్తాను. రెండు వందలు. అందులో వస్తాదు అటు తిరిగినప్పుడు నోటితో తీసినవి ఓ నలభై ఉంటాయి.

అయినా తొడలు మాత్రం నిజంగానే ఉండేవి. మునివేళ్ల మీద నిలబడి, మడమలు గాల్లో పెట్టి, చేతులు ఊపుతూ కూర్చుని లేవడం. అదే మాకు తెలిసిన విద్య. నిజాం రూపాయి, హాలీ సిక్కా, ఇంకా చెల్లుతున్న కాలం. నాకు పందొమ్మిదో, ఇరవయ్యో.

కోదాడలో మా మేనత్త ఉండేది. ఆమెకొక కూతురు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. మామ పోయాక మా అత్త కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని తిరిగి కూతుర్ని పెంచింది. ఆమె ముందు మాటలు చెల్లేవి కావు.

“తాలింలో తొడలు చరుచుకునేవాడికి పిల్లనెట్లా ఇస్తానయ్యా? మిర్యాలగూడ మిల్లు ముఠాలో చేరు. ఆ మర్నాడే ముహూర్తం పెట్టిస్తా,” అంది.

ముఠా అంటే బస్తాలు మోసే హమాలీల జట్టు. గోదాములో అట్టడుగు వరుస బస్తాను ఒంటరిగా వీపుకెత్తుకుని లేవగలవాడే వాళ్లకు కావాలి. అందుకో పరీక్ష పెట్టేవాళ్లు. మిల్లు ఆవరణలో ఒక ఇనుప ఇరుసు, దాని రెండు కొసలకూ పాత ఇంజను చక్రాలు. దాన్ని భుజాల మీద పెట్టించుకుని అయిదుసార్లు కూర్చుని లేవాలి. వెనకాల ఒక పొట్టి పీట, దాని మీద తడి సున్నం. కూర్చున్న ప్రతిసారీ పంచెకు సున్నం అంటాలి. అంటకపోతే లెక్కలోకి రాదు. పీట మీద కూలబడ్డావో, ఆట ఖతం.

ఆ ఇరుసు రెండు బస్తాల బరువు. కాదులెండి, ఒక బస్తా.

తొడ చరిచి దాని కిందకు దూరాను. వస్తాదు నేర్పినట్టే వేళ్ల మీద లేచి కూర్చోబోయాను. బరువు నన్ను ముందుకు తోసింది. పక్కన నిలబడ్డ ఇద్దరు హమాలీలు ఇరుసును పట్టుకున్నారు గాని నన్ను పట్టుకోలేదు. నేను నేరుగా పోయి తవుడు కుప్పలో మొహం పెట్టాను.

“ఏందిరా గిది! బరువెత్తమంటే తవుడు బుక్కుతున్నవ్?” అన్నాడు ముఠా మేస్త్రీ. ఆవరణంతా నవ్వు.

“ఇంకొక్కపారి సూడుండ్రి,” అని బతిమాలాను.

“అమాస నాడు మిల్లు బంద్ ఉంటది, గప్పుడు రా. గప్పుడు గూడ పడ్డవనుకో, ఇగ గీ దిక్కు రాకు. నీ జాగ ఇంకోనికి ఇస్త.”

సూర్యాపేటకు ఏ మొహంతో పోను? ఊరేగింపుకు డప్పుల వాళ్లను మాట్లాడి పెట్టమని వస్తాదుకు చెప్పి మరీ వచ్చాను. కోదాడకు నడిచే పోయాను. అంటే సగం దూరం మిరపకాయల బండి మీద. సరే, ముప్పాతిక.

“ఎన్నిసార్లు లేచావు?” అంది అత్త, వాకిట్లోనే.

“నాలుగత్తా. అయిదోది జర తప్పింది.”

“చెవిలో తవుడుంది.”

“ఒక్కపారి గూడ లేవలే అత్తా.”

లోపల పిల్ల పకపకా నవ్వింది. అత్త నవ్వలేదు. ఎట్లా కూర్చున్నావో చూపించమంది. చూపించాను.

“కోడిపుంజులాగా వేళ్ల మీద నిలబడితే బరువు ఆగుతదా? పొద్దున్నే చెంబు పట్టుకుని తుమ్మచెట్ల చాటుకు పోతావు గదా, అక్కడ గూడా వేళ్ల మీదే కూర్చుంటావా?”

అని, సొరకాయలతో నిండిన గంప పక్కన మడమలు ఆనించి కూర్చుంది. గంపను తొడ మీదికి, తొడ మీంచి నెత్తికి ఎక్కించుకుంది. నూనెలో గారె తేలినట్టు నిదానంగా పైకి లేచింది. చిన్నప్పటి నుంచి కోదాడ వచ్చినప్పుడల్లా చూస్తున్న పనే. అందులో విద్య ఉందని నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు.

మర్నాటి నుంచి నా కొత్త తాలిం అత్త పెరడు. మెడ వెనక అడ్డంగా కావడి బద్ద, రెండు వైపులా రాళ్లు నింపిన గంపలు. రెండేసి రోజులకు చెరో రాయి పెంచేది. రోజూ చేస్తానంటే ఒప్పుకోలేదు. “వంగచెట్టు గూడా రోజూ కాయదురా,” అనేది. మడమల కింద చెరొక ఆముదపు ఆకు పెట్టించింది. పిల్ల నా వెనక చేరి ఆ ఆకుల తొడిమలు పట్టుకుని కూర్చునేది. మడమ రవ్వంత లేస్తే చాలు, ఆకు సర్రున ఆమె చేతికి పోయేది.

“బావా, ఆకు వచ్చింది! ఈ పూట మజ్జిగ లేదు!”

మజ్జిగ లేకుండా తిన్నది రెండు పూటలే. మీరు నమ్మరని తెలుసు. తొమ్మిది పూటలు.

“మోకాళ్లు విప్పు. కడుపు నిండా గాలి పట్టు. లేచినాక వదులు. నడుముతో లాగకు, మడమతో నేలను తొయ్యి,” అని వంటింట్లోంచి అత్త అరుస్తుండేది. ఆమె అటు తిరగ్గానే పిల్ల గంపల్లో ఎక్కువ రాళ్లు వేసేది. కనిపెట్టినా నేను అడగలేదు. ఆమె వేసిన రాయి బరువనిపించేది కాదు. ఇందులో మాత్రం అబద్ధం లేదు.

అమావాస్య వచ్చింది. పని లేని రోజు కాబట్టి ముఠా అంతా తమాషా చూడ్డానికి చేరింది. ఇరుసు భుజాలకు ఎక్కించారు. మడమలు నేలకు నాటాను. ఒకటి. సున్నం అంటింది. రెండు, మూడు, నాలుగు. ముఠా గొంతెత్తి లెక్కపెడుతోంది. అయిదోసారి దిగాను, చల్లగా సున్నం తగిలింది. లేవబోతే సగంలో ఆగిపోయాను. లెక్కపెట్టే గొంతులు ఆగిపోయాయి. పడితే ముఠా లేదు, పిల్లా లేదు.

సింహంలా గర్జించి లేచానని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. గర్జించిన మాట నిజమే. కాని ఆ గర్జన “అత్తా!” అని.

లేచాను.

మేస్త్రీ నా వెనక్కి వచ్చి పంచె చూశాడు. “బరువెత్తేటప్పుడు అందరు అమ్మా అంటరు, అయ్యా అంటరు. అత్తా అనేటోన్ని ఇయ్యాలనే సూసిన. ఎవర్రా ఆ అత్త?”

“పిల్లనిచ్చే అత్త.”

“అట్ల చెప్పు! మూడొద్దుల్లో పనిల దిగు. ఓ మంచి తువ్వాల తెచ్చుకో.”

మర్నాడు పొద్దెక్కాక కోదాడ చేరేసరికి తొడలు కర్రల్లా బిగుసుకున్నాయి. అన్నం పెట్టారు గాని కూర్చోవడానికి కాళ్లు వంగలేదు. విస్తరి చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడే తిన్నాను. పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వడ్డించింది.

“ఏం బావా, అయిదుసార్లు కూర్చుని లేచినవాడివి, ఆరోసారి కూర్చోలేవా?”

“ఏడుసార్లు,” అన్నాను.

“అయిదే,” అంది.

“అయిదు చాల్లే,” అంది అత్త గడప దాటుతూ. ముహూర్తానికి పంతులును సంతకు పోకముందే పట్టుకోవాలని ఆమె అప్పటికే వీధిలో ఉంది.